పొట్ట వదలండి సార్: నలభై దాటాక బట్టలు కుట్టించుకున్న నా అనుభవం

నాకు 41 ఏళ్లు, ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు, బరువు 91 కిలోలు. ఆ బరువులో ఎక్కువ భాగం ఎక్కడ చేరిందో మా ఇంటి పెళ్లి ఆల్బమ్‌లు చూసినవాళ్లెవరికీ తెలియదు, ఎందుకంటే ప్రతి ఫోటోలోనూ నేను ఎవరో ఒకరి వెనకాల నిలబడి ఉంటాను, లేదా ఏ పిల్లాడినో ఎత్తుకుని పొట్టకి అడ్డం పెట్టుకుని ఉంటాను. విజయవాడలో ఎరువులు పంపిణీ చేసే ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. కంప్యూటర్ ముందు కూర్చునే పని కాబట్టి నేను ఏం వేసుకున్నా ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. డిసెంబర్ 27న మా సార్ పిలిచి, ఏప్రిల్ నుంచి డీలర్లతోనూ బ్యాంకు వాళ్లతోనూ మాట్లాడే పని నువ్వే చూడాలి, హైదరాబాద్ మీటింగులకి కూడా నువ్వే వెళ్లాలి అన్నారు. జీతం పెరుగుతుందన్న సంతోషం ఇంటికి వచ్చేదాకా ఉంది. బీరువా తెరిచి చూశాక టెన్షన్ పట్టుకుంది.

మగవాళ్ల డ్రెస్సింగ్ గురించి వీడియోల్లో చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు గానీ వాళ్లందరి నడుమూ 32. నడుము 42 ఉన్నవాడు ఏం చేయాలి, ఎంత అవుతుంది, ఎన్నాళ్లు తిరగాలి అన్నది చెప్పినవాళ్లు నాకు కనపడలేదు. అందుకని నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదట వెళ్లింది రెడీమేడ్ షాపుకే, జనవరి 4న, మా ఆవిడతో కలిసి. పేరు చెప్పను, ఊళ్లో పెద్ద షాపే. చొక్కాల దగ్గర నిలబడిన కుర్రాడు నన్ను కిందకీ పైకీ ఒకసారి చూసి, అటు చివర ఉన్న ఇంకో కుర్రాడికి వినపడేలా "నలభై ఆరు ఉందా చూడరా, పొట్ట సార్‌కి" అని కేకేశాడు. వాడికి ఏ దురుద్దేశమూ లేదు, వాడి పని భాష అది. కానీ అక్కడ చీరల బ్యాగులు పట్టుకుని కూర్చున్న ఓ పాతికమంది ఒకేసారి తల తిప్పారు. ట్రయల్ రూములో అసలు సంగతి అర్థమైంది. పొట్ట దగ్గర గుండీ పడే చొక్కా వేసుకుంటే భుజం కుట్టు మోచేతి వైపు రెండంగుళాలు జారిపోతోంది, చేతులు వేళ్ల దాకా వస్తున్నాయి. భుజానికి సరిపోయే చొక్కా వేసుకుంటే కింది మూడు గుండీలు పడటం లేదు. ఎందుకంటే రెడీమేడ్‌లో పొట్ట పెరిగితే భుజం, చెయ్యి, మెడ అన్నీ దాంతోపాటే పెరుగుతాయని లెక్క. నాకు పెరిగింది పొట్ట ఒక్కటే. ప్యాంట్లదీ అదే కథ, 42 నడుముకి వచ్చే ప్యాంటు పొడవు ఆరడుగుల మనిషికి సరిపోతుంది, కింద మడిచి కుట్టిస్తే మోకాలు ఉండాల్సిన చోటు పిక్కల దగ్గరికి వస్తుంది. "ఇప్పుడు ఓవర్‌సైజ్ ఫ్యాషన్ సార్" అన్నాడు ఆ కుర్రాడు. మా ఆవిడ "ఏవండీ, పోదాం పదండి" అంది. బయటికొచ్చి చెరుకురసం తాగి ఇంటికెళ్లిపోయాం. ఆ రాత్రి ఈ ప్రమోషన్ వద్దని చెబితే ఎలా ఉంటుందని కూడా ఆలోచించాను, నిజం.

టైలర్ సంగతి చెప్పింది మా ఆఫీసులో రిటైర్మెంటుకి దగ్గరగా ఉన్న ఒకాయన. ఆయన నాకంటే లావు, కానీ ఎప్పుడూ లావుగా అనిపించడు, అది నేను అప్పటిదాకా గమనించనే లేదు. గవర్నర్‌పేటలో ఒక సందులో, మెట్లెక్కి వెళ్లాల్సిన చిన్న షాపు. పండగ ముందు వెళ్తే గుమ్మం దగ్గరే "సంక్రాంతి అయ్యాక రండి సార్" అన్నారు. మీరెవరైనా కుట్టించుకోవాలనుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి, సంక్రాంతి ముందు మూడు వారాలూ, పెళ్లి ముహూర్తాలు జోరుగా ఉన్న నెలల్లోనూ కొత్త ఆర్డర్ తీసుకున్నా తేదీకి ఇవ్వరు.

జనవరి 19న కొలతలు ఇచ్చాను. మాస్టర్‌కి అరవై దాటి ఉంటాయి, మెడలో టేపు, చెవి మీద పెన్సిలు. నేను అలవాటుగా ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని నిలబడ్డాను. ఆయన టేపు పెట్టి ఆగారు. "పొట్ట వదలండి సార్. ఆఫీసులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇలాగే బిగబట్టి ఉంటారా? మీరు మామూలుగా ఎలా ఉంటారో ఆ మనిషికే నేను కుట్టాలి." వదిలేశాను. ఆయన కొలత చెబుతుంటే పక్కన కుర్రాడు పుస్తకంలో రాసుకుంటున్నాడు, పొట్ట నలభై నాలుగు, నడుము నలభై రెండు, సీటు నలభై మూడు. షాపులో ఇంకా ఇద్దరున్నారు. రెడీమేడ్ షాపులో ఒక్క అంకెకే చచ్చినంత పనైంది, ఇక్కడ ఇన్ని అంకెలు గట్టిగా చెబుతుంటే ఏమీ అనిపించలేదు. ఆయన గొంతులో ఆ అంకె మీద ఏ అభిప్రాయమూ లేదు, గుమ్మం ఎత్తు చెప్పినట్టు చెప్పారు.

ఆ తర్వాత నన్ను అద్దం ముందు నిలబెట్టి, రెండు భుజాల మీదా రెండు వేళ్లు పెట్టి, "కుడి భుజం అరంగుళం కిందకుంది, చూశారా?" అన్నారు. నలభై ఏళ్లుగా చూసుకుంటున్న ఒళ్లే, ఎప్పుడూ కనపడలేదు. ల్యాప్‌టాప్ బ్యాగు కుడి భుజానికే తగిలించుకుంటారా అని అడిగారు. అవును. చాలామందికి టేపు మీద ఒకటో రెండో గీతల తేడా ఉంటుందట, చొక్కాకి కుడివైపు మెడ నుంచి చంక దాకా ఏటవాలుగా ముడత పడేది అందుకేనట. నా చొక్కాలన్నిటికీ ఆ ముడత ఉంది. ఇస్త్రీ అబ్బాయిని ఎన్నిసార్లు తిట్టానో!

కొలతలకి వెళ్లేటప్పుడు జేబులో ఫోను, పర్సు తీసేయండి. ఆఫీసుకి వేసుకునే బూట్లే వేసుకుని వెళ్లండి, ప్యాంటు పొడవు చెప్పులతో కొలిస్తే తేడా వస్తుంది. టీషర్టు మీద కాకుండా పల్చటి చొక్కా మీద కొలవమనండి. కొలతలు రాసిన పేజీ నేను ఫోన్లో ఫోటో తీసుకున్నాను, మాస్టర్‌కి అది అంతగా నచ్చలేదు, "మా పుస్తకంలో ఉంటాయి కదా సార్" అన్నారు. అయినా తీసుకున్నాను.

గుడ్డ నన్నే తెచ్చుకోమన్నారు. మిల్లు గుడ్డ 58 అంగుళాల పన్నా (వెడల్పు) అయితే నా ఒంటికి ఫుల్ హ్యాండ్స్ చొక్కాకి 1.80 మీటర్లు, చేనేత గుడ్డ పన్నా తక్కువ కాబట్టి 2.75 మీటర్లు. ప్యాంటుకి 1.40. చెక్స్ తీసుకుంటే పావు మీటరు అదనంగా తెమ్మన్నారు, జేబు దగ్గరా, ముందు గుండీ పట్టీ దగ్గరా గళ్లు కలవాలంటే గుడ్డ వేస్టవుతుంది. గళ్లు కలవని చొక్కా ఎంత ఖరీదైన గుడ్డదైనా చవకగానే కనపడుతుంది అన్నారు. ఆ రోజు నుంచి బస్సులో ముందు కూర్చున్నవాళ్ల జేబుల వైపే నా కళ్లు పోతున్నాయి.

వన్‌టౌన్‌లోని బట్టల మార్కెట్ వస్త్రలతలో సగం షాపులు తాన్ల లెక్కనే అమ్ముతాయి, మనలాంటివాళ్లు వెళ్తే తల కూడా ఎత్తరు. చిల్లరగా చింపి ఇచ్చే షాపులు వెతుక్కోవాలి. మిల్లు కాటన్ రెండు చొక్కాలకి మీటరు 520 చొప్పున తీసుకున్నాను, ఒకటి తెలుపు, ఒకటి ముదురు నీలం. లేత నీలం బాగుందని చేతిలోకి తీసుకుంటే షాపాయనే వద్దన్నాడు, చెమట మరక బాగా కనపడే రంగులు లేత నీలం, బూడిద రంగు అట. మే నెల విజయవాడలో ఇది చాలా పెద్ద విషయం. తెలుపులోనూ బాగా ముదురు రంగుల్లోనూ చెమట తక్కువ తెలుస్తుంది. లినెన్ తెల్లది మీటరు 950, చొక్కాకి ఒకటి. టెరికాటన్ ముడత పడదు, చవక, కానీ వేసుకున్న గంటకే ఒళ్లు ఉడికిపోతుంది, దాన్ని ముట్టుకోలేదు.

మంగళగిరి ఎలాగూ పన్నెండు, పదమూడు కిలోమీటర్లే కదా అని ఒక సెలవు రోజు అటు వెళ్లాం. పానకాల స్వామి దర్శనం అయ్యాక కింద గుడి దగ్గర చేనేత షాపుల్లో చొక్కా గుడ్డ చూశాం. మీటరు 280. ఆవ రంగు ఒకటి, ఇటుక రంగు ఒకటి, రెండూ మా ఆవిడ ఎంపిక. ఆవ రంగు నామీద ఏం బాగుంటుందని నేను గొణుగుతుంటే ఆ షాపావిడ గుడ్డ విప్పి నా భుజం మీద వేసి, అద్దంలో మొహం చూసుకో బాబూ, గుడ్డ కాదు, అంది. చామనఛాయ మొహం మీద ఆ రంగు నిజంగానే వెలుగిచ్చింది. ఇన్నాళ్లూ లావు తెలియకూడదని నేను నలుపు, బూడిద తప్ప వేరే రంగు కొన్న పాపాన పోలేదు. కుట్టించే ముందు ఒక రాత్రంతా నీళ్లలో కాస్త ఉప్పు వేసి నానబెట్టి, నీడన ఆరబెట్టి ఇవ్వమంది ఆవిడ. నానబెట్టాక కొలిస్తే పొడవులో నాలుగు వేళ్లు తగ్గింది. అలాగే కుట్టించి ఉంటే మొదటి ఉతుకుతోనే చొక్కా మా అబ్బాయికి వెళ్లిపోయేది.

గుడ్డలన్నీ ఇచ్చాక మాస్టర్ ముందు ఒక్క చొక్కానే కుడతానన్నారు. అది ఇంట్లో ఉతికి, ఒక రోజంతా ఆఫీసుకి వేసుకుని, సాయంత్రం అదే వేసుకుని రమ్మన్నారు. మొత్తం ఒకేసారి ఇచ్చేయొచ్చు కదా అని విసుక్కున్నాను గానీ ఇంత తెలివైన పద్ధతి ఇంకోటి లేదు, మీ టైలర్ అనకపోయినా మీరే అడగండి. ఫిబ్రవరి 2న ఆ చొక్కా వచ్చింది. గుండీలు పెట్టుకుని అద్దంలో చూసుకుంటే భుజం కుట్టు సరిగ్గా ఎముక దగ్గర ఆగింది, అంతే, ఆ ఒక్క తేడాకే నేను ఐదు కిలోలు తగ్గినట్టున్నాను. ఆఫీసులో ఎవరూ "కొత్త చొక్కానా" అనలేదు, ఇద్దరు మాత్రం "తగ్గావా?" అన్నారు. నేను తగ్గలేదు.

సాయంత్రం షాపులో కుర్చీలో కూర్చోబెట్టి చూశారు. నిలబడితే బాగున్న చొక్కా కూర్చుంటే పొట్ట దగ్గర గుండీల మధ్య నోరు తెరుస్తుంది, ముప్పావు అంగుళం పెంచాలన్నారు. చేతులు పైకెత్తమన్నారు. కాలర్ గుండీ పెట్టి రెండు వేళ్లు దూర్చి చూశారు. టక్ చేయకుండా వేసుకునే చొక్కాల పొడవు ప్యాంటు జిప్పు సగం దాకా వస్తే చాలట, నేను తొడల దాకా వేసుకునేవాణ్ణి, పొట్ట దాస్తుందని. దాచదు, కాళ్లని పొట్టిగా చూపిస్తుంది. మిగతా నాలుగు చొక్కాలు ఫిబ్రవరి 24కి వచ్చాయి, చెప్పిన తేదీకి వారం ఆలస్యం.

ప్యాంటు దగ్గర మాత్రం నాకూ మాస్టర్‌కీ వాదన జరిగింది. నేను, నాలాంటి పొట్ట ఉన్న మగాళ్లలో చాలామంది, ప్యాంటు పొట్ట కింద కడతాం. అందుకే రోజంతా అది జారుతుంటుంది, మనం పైకి లాక్కుంటూ ఉంటాం. ఆయన బొడ్డు దగ్గర కట్టాలన్నారు, ముందు రెండు కుచ్చులు వేస్తానన్నారు. మా నాన్న ప్యాంట్లలా ఉంటాయండి అన్నాను. మా బావమరిది ఇలాంటివాటిలో ఆరితేరినవాడు, "బావా, స్లిమ్ ఫిట్ చేయించుకో, బాటమ్ పన్నెండు పెట్టించు" అని ఫోన్లో చెప్పి ఉన్నాడు. బాటమ్ అంటే ప్యాంటు కింది అంచు చుట్టుకొలత, అంగుళాల్లో. అదే మాస్టర్‌తో అంటే ఆయన టేపు మెడలో వేసుకుని, నవ్వకుండా, "అగ్గిపుల్లల మీద గుమ్మడికాయ నిలబెట్టినట్టుంటది సార్, మీ ఇష్టం" అన్నారు. ఇష్టం ఏముంది ఇంక. బాటమ్ పదిహేను ఖాయమైంది. ప్యాంటు వచ్చాక మా ఆవిడ చూసి ముందు నవ్వింది, తర్వాత వెనక్కి తిరగమంది, తర్వాత "కాళ్లు పొడుగ్గా ఉన్నాయేంటండీ" అంది. వాదన గెలిచింది మాస్టరే. జారడం పూర్తిగా పోయింది. వెనక నడుము కుట్టులో అంగుళంన్నర గుడ్డ లోపల వదిలించుకున్నాను, లావెక్కినా తగ్గినా మార్చుకోవడానికి. రెడీమేడ్ ప్యాంట్లలో అంత వదలరు.

కోటు గురించి కాస్త ఎక్కువే రాయాలి, ఎందుకంటే డబ్బంతా అక్కడే పోయింది, భయం కూడా. ముదురు నీలం టెర్రీ ఊల్ (పాలిస్టర్ కలిసిన ఉన్ని గుడ్డ), మీటరు 2,400, కోటుకీ ప్యాంటుకీ కలిపి మూడున్నర మీటర్లు. ఫిబ్రవరి 10న కొలతలు. లోపల ఏం వేయమంటారు అని అడిగారు. ఫ్యూజింగ్ అంటే గుడ్డ వెనక ఇంకో పొర జిగురుతో అంటించడం, చవక, తొందరగా అయిపోతుంది, కానీ కొన్ని డ్రైక్లీనింగులు అయ్యాక ఛాతీ మీద బుడగలు లేచే ప్రమాదం ఉంది. కాన్వాస్ అయితే కుట్టుతో నిలబెడతారు, కోటు మన ఛాతీ తీరుకి అలవాటు పడుతుంది. కాన్వాస్‌కి 1,500 ఎక్కువ. షాపులో వేలాడే ఏ కోటైనా కింది కాజా దగ్గర పై గుడ్డనీ లోపలి గుడ్డనీ రెండు వేళ్లతో విడదీసి చూడండి, మధ్యలో ఇంకో పొర విడిగా తగిలితే కాన్వాస్, లేకపోతే ఫ్యూజింగ్. నాకది ఆయనే చూపించారు.

మొదటి ట్రయల్ మార్చి 2న. టాకాలు వేసిన కోటు, ఒకే చెయ్యి ఉంది, అంతా తెల్లదారాలు, సుద్ద గీతలు. అందులో నన్ను నేను చూసుకుంటే గుండె జారింది, ఇంత డబ్బు పోసింది దీనికా అనిపించింది. ఇంతలో ఆయన ఆ ఉన్న ఒక్క చెయ్యినీ పట్టుకుని పర్రున లాగేశారు. నేను అదిరిపడ్డాను. అది అలా పీకి మళ్లీ పెట్టడానికే టాకాలతో వదులుతారట. చంక కోత చిన్నగా, పైకి ఉండాలన్నారు. మనం వదులుగా ఉంటే హాయి అనుకుంటాం గానీ చంక కిందకి ఉంటే చెయ్యి ఎత్తినప్పుడల్లా కోటు మొత్తం పైకి లేస్తుంది. పెళ్లిళ్లలో షేక్‌హ్యాండ్ ఇచ్చేటప్పుడు కోటు కాలర్ చెవుల దాకా వచ్చేవాళ్లని చూసే ఉంటారు, కారణం అదే. కుడి భుజం లోపల ప్యాడ్ కొంచెం మందంగా పెట్టి రెండూ సమం చేశారు. వెనక ఒకే చీలిక కాకుండా రెండు పక్కలా సైడ్ కట్స్, సీటు పెద్దగా ఉన్నవాళ్లకి అదే నప్పుతుందట. రెండే గుండీలు, పైది బొడ్డు దగ్గర. కిందిది ఎప్పుడూ పెట్టుకోకూడదు, పెట్టుకున్నా పడేలా కుట్టలేదని నవ్వారు.

రెండో ట్రయల్ మార్చి 14న అయింది. అప్పటికి కోటులా కనపడింది గానీ మెడ వెనక చొక్కా కాలర్‌కీ కోటు కాలర్‌కీ మధ్య వేలు పట్టే సందు ఉంది. నేనైతే గమనించేవాణ్ణి కాదు. ఆయన నన్ను నాలుగు అడుగులు నడిపించి, కూర్చోబెట్టి, లేపి, ఆ సందు చూసి నాలుక చప్పరించి మళ్లీ సుద్ద గీశారు. ఇస్తానన్నది మార్చి 20న. ఆ రోజు వెళ్తే పెళ్లి ఆర్డర్లు, కాజాలు వేసే మనిషి ఊరెళ్లాడు, శుక్రవారం రండి అన్నారు. శుక్రవారం అన్నది ఆ షాపులో వారం పేరు కాదని అప్పటికే నాకు అర్థమైంది. ఏప్రిల్ 6న హైదరాబాద్‌లో మీటింగ్. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు, కోటు రాకపోతే ఏం వేసుకోవాలా అని కాదు, ఇంతా చేసి ఆ కోటు వేసుకుని వెళ్తే జోకర్‌లా ఉంటానేమో అని. మార్చి 27న చేతికి వచ్చింది. షాపులోనే వేసుకుని చూశాను. ఏమీ మాట్లాడలేదు. మాస్టర్ వెనక నుంచి ఒకసారి నిమిరి, "నిటారుగా నిలబడాలని ఏమీ అనుకోకండి సార్, అదే నిలబెడుతుంది" అన్నారు.

ఒక చిన్న సంగతి. కోటు చీలికలకి ఇంటూ గుర్తులా తెల్లదారంతో ఒక కుట్టు ఉంటుంది, అది రవాణాలో నలగకుండా వేసేది, తీసేయాలి. రెడీమేడ్ కోటు చెయ్యి మీద ఉండే కంపెనీ లేబుల్ కూడా అంతే. మొన్న ఒక రిసెప్షన్‌లో పెళ్లికొడుకు చెయ్యి మీద లేబుల్ అలాగే ఉంది, వెళ్లి చెబుదామా వద్దా అని భోజనం అయ్యేదాకా కొట్టుకున్నాను, చెప్పలేదు.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. బూట్లు సాయంత్రం కొన్నాను, రోజంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది కాబట్టి పొద్దున సరిపోయినవి సాయంత్రానికి బిగుసుకుంటాయి. ముదురు గోధుమ రంగు లెదర్, 3,900, అదే రంగు బెల్టు 900. తెల్ల చొక్కా లోపల తెల్ల బనియన్ వేస్తే బనియన్ గీతలే ముందు కనపడతాయి, ఒంటి రంగుకి దగ్గరగా ఉన్నది వేస్తే కనపడదు, ఇది ఇన్నేళ్లు నాకెవరూ ఎందుకు చెప్పలేదో తెలియదు. బనియన్లు, పొడుగు సాక్సులు కలిపి 1,150. జుట్టు పక్కల బాగా పొట్టిగా చేయించాను, గడ్డం మెడ మీదకి రాకుండా గీత పెట్టించాను. ఇంతే.

ఏప్రిల్ 6న శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లాను. కోటు వేసుకుని కాదు, లోపలి వైపు బయటికి తిప్పి, భుజంలో భుజం దూర్చి మడిచి, పల్చటి కవర్లో పెట్టుకుని. సికింద్రాబాద్‌లో దిగి, మీటింగ్ ఉన్న హోటల్ వాష్‌రూములో వేసుకున్నాను. రెండింటికి మొదలైంది. ఇరవై మంది ఉంటారు, సగం మంది నాకంటే చిన్నవాళ్లు, సగం మంది టీషర్టుల్లో ఉన్నారు. మామూలుగా అయితే ఇలాంటిచోట నేను ఫైలు పొట్టకి అడ్డం పట్టుకుంటాను, ప్రతి రెండు నిమిషాలకీ చొక్కా వెనక లాక్కుంటాను, కూర్చుంటే లేవను. నా వంతు వచ్చినప్పుడు లేచి ముందుకెళ్లి మాట్లాడాను. ఫైలు కుర్చీలోనే ఉండిపోయిందని మాట్లాడటం మొదలుపెట్టాక తెలిసింది. లెక్కలు నాకు నోటికి వచ్చు కాబట్టి ఇబ్బంది పడలేదు. ఒక బ్యాంకు మేనేజర్ రెండు ప్రశ్నలు గట్టిగానే అడిగాడు, ఒకదానికి జవాబు తడబడ్డాను కూడా. కోటు ఏ లెక్కా చెప్పదు. కానీ ఆ తడబాటులో పొట్ట గురించి ఆలోచన రాలేదు, ఆ సంగతి తిరుగు ప్రయాణంలో గుర్తొచ్చి నాకే ఆశ్చర్యం వేసింది. టీ విరామంలో గ్రూప్ ఫోటో తీశారు. ముందు వరసలో ఉన్నాను. ఆ ఫోటో మా అమ్మకి పంపితే, "ఒరేయ్, కాస్త చిక్కినట్టున్నావు, తిండి సరిగ్గా తింటున్నావా?" అని ఫోన్ చేసింది.

ఖర్చు చెబుతాను. సూట్ గుడ్డ 8,400, కుట్టుకూలి కాన్వాస్‌తో కలిపి 9,000. ఐదు చొక్కాలకి గుడ్డ 5,100 పైన, కూలి ఒక్కోదానికి 500. విడిగా మూడు ప్యాంట్లకి గుడ్డ 4,340, కూలి 650 చొప్పున. బూట్లూ బెల్టూ వగైరా ఇందాక చెప్పాను. అంతా కలిపి 37,000 దాటింది. తక్కువేం కాదు, రెండు నెలల్లో పంచుకుని పెట్టాను, మా ఆవిడ చీటీ డబ్బులో పది వేలు సర్దింది, అది ఇంకా బాకీ. డబ్బు తక్కువ ఉంటే కోటు వదిలేయండి, రెండు చొక్కాలు, ఒక ప్యాంటు చాలు, అవి మూడూ నాలుగు, నాలుగున్నర వేలలో అయిపోతాయి, తేడాలో ముప్పాతిక వంతు వాటితోనే తెలిసిపోతుంది. అడ్వాన్సు సగం కంటే ఎక్కువ ఇవ్వకండి. రసీదుకి మీ గుడ్డ ముక్క పిన్ను చేయించుకోండి, అది లేకపోతే ఎవరి గుడ్డ ఎవరిదో తర్వాత తేలదు. మిగిలిన గుడ్డా, రెండు గుండీలూ అడిగి తీసుకోండి. కోటుని ఊరికే డ్రైక్లీనింగ్‌కి ఇవ్వకండి, ఒకసారికి 350, 400 తీసుకుంటున్నారు, పైగా గుడ్డ పాడవుతుంది. బ్రష్షుతో దులిపి, భుజాలు వెడల్పుగా ఉన్న హ్యాంగర్‌కి తగిలించి గాలికి పెడితే చాలు. లినెన్ చొక్కా ముడతలు పడుతుందని కంగారు పడకండి, దాని గుణమే అంత. మంగళగిరి చొక్కాలకి కాస్త గంజి పెట్టిస్తే బాగుంటాయి.

మూడు ప్యాంట్లలో బూడిద రంగుదీ, ఖాకీ కాటన్‌దీ వచ్చేశాయి. లినెన్ ప్యాంటు ఇంకా మాస్టర్ దగ్గరే ఉంది. నిన్న ఫోన్ చేస్తే శుక్రవారం రమ్మన్నారు.